రేణిగుంట రోడ్డులో రెండు ధరలు

కౌంటరు కింద దాచి చూస్తున్నా ఫోను,
పరీక్షలో చీటీ పెట్టుకున్న పిల్లోడి మాదిరి.
ముందు చక్రాల బ్రేక్ ప్యాడ్లు:
జిలానీ భాయ్ నోట పదహారు వందల యాభై,
తెర మీద పదకొండు వందల నలభై,
ఎల్లుండికి ఇంటికే.

ఆయన నా పాత ప్యాడును బొటనవేలితో రుద్ది
వాసన చూసినాడు.
"కొండ దిగేటప్పుడు న్యూట్రల్లో వదిలేస్తావు గదప్పా,
డీజిలు మిగుల్తాదని."
నా పెళ్ళానికి కూడా తెలీదు ఆ సంగతి.

ఐదు వందల పది.
అలిపిరి నుంచి ఒక ట్రిప్పు కొడితే
చేతిలో మిగిలేది అంతే.

"చూపిచ్చు, ఎంతంట దాంట్లో?"
దొరికిపోయినా.
కళ్ళజోడు నుదుటికెత్తి
ఫోను ముక్కు దగ్గరికి లాక్కొని
చానాసేపు చదివినాడు.
"హోల్‌సేల్లో నాకే ఈ రేటుకు రాదే మునిరత్నం!
నాకూ రెండు సెట్లు పెట్టు."

మూడో నాడు అట్టపెట్టె అంగడికే వచ్చింది.
మూడు సెట్లనూ అరచేతిలో ఆడించి తూచి
ఒకటి పక్కకు నెట్టినాడు.
"ఇది వాపసు పంపు. దీన్నేసుకొని కొండ దిగొద్దు."

తక్కిన రెంట్లో మంచిది నాకిచ్చి
ఇంకోదాన్ని అద్దాల బీరువాలో పెట్టినాడు,
పదహారు వందల యాభై అని
చీటీ అంటించి.