షెఫీల్డ్‌లో కదలని సైకిల్

వెనక చక్రం ఊడదీసి గోడకి ఆనించాను,
అలిగినట్టు అటు తిరిగి కూచుంది.
గొలుసు మూడుసార్లు జారింది;
గ్రీజు చేతులతోనే టీ తాగాను.
ముందు చక్రం కింద ఎత్తు చాలక
పాత టాక్సుల పుస్తకం ఒకటి,
పెట్టేముందు కళ్లకద్దుకుని.

మొదటి రాత్రి
పడతానేమోనని హ్యాండిల్ బిగించి పట్టుకున్నా.
పడటానికి వీల్లేదని నమ్మేసరికి
భుజాలు పట్టేశాయి.

కింది వాటా డోరీన్
చీపురుకర్రతో తన సీలింగు పొడిచింది.
మర్నాడు రబ్బరు చాప కొన్నాను, ఆమెకో కేకు.

బయట నవంబరు వాన.
లోపల నాది, తువ్వాలు మీద చుక్కచుక్కగా.
ఇరవై మైళ్లు తొక్కి దిగితే
అదే కిటికీ.

ఇవాళ మాత్రం
ఎక్కడో మలుపొచ్చినట్టు ఒళ్లు వాలింది,
చెయ్యి దానంతటదే
గంట మోగించింది.

కిందనుంచి
చీపురుకర్ర, రెండుసార్లు,
మెల్లగా.