ఇరుసు మీద తెలుపు

జబల్పూరు వేలంలో తూకానికి కొన్నాను.
లారీ మీద తాళ్ళు కట్టించుకుని
రాయగడ ఘాటీ దిగి గుణుపురం వచ్చింది జోంగా.
చక్రాలు మూడు. నాలుగోది వెనకసీట్లో పడుకుని ఉంది.

గౌరీశ్వరి వసారాలోంచి చూసి
"ఈ ఇనపగొడ్డు ఏపాటి పాలిస్తాదో" అంది.
అని, షెడ్డులో తన వడియాల మంచం జరిపి చోటిచ్చింది.

నేను మోటార్లకి తీగ చుట్టేవాణ్ణి.
రాగి మాట వింటుంది. ఇనుము వినదు.
ఆరు సిలిండర్లూ బిగదన్నుకుని ఉన్నాయి.
ప్లగ్గుల కంతల్లో కిరసనాయిలు పోసి
పొద్దున్నోసారి, పడుకోబోయే ముందోసారి
హేండిలు పట్టుకు వేలాడేవాణ్ణి.
పద్నాలుగు రోజులు కొండని తోసినట్టే.
పదిహేనోనాడు, లోపలెక్కడో
ఎవరో మెటిక విరుచుకున్నట్టు టక్కుమంది.
వేలెడు తిరిగింది.
ఆ వేలెడుకి ఆ రాత్రి రెండోసారి అన్నం పెట్టించుకున్నాను.

కార్బొరేటర్లో కుమ్మరిపురుగు ఇల్లు కట్టి వదిలేసింది.
చాప కింద ఇసక, మన వంశధారది కాదు,
పిండిలాంటి ఇసక.
ఇలియాసు సబర దాన్ని పొట్లం కట్టి దాచుకున్నాడు.
ఎందుకురా అంటే నవ్వాడు.
వాడు నట్లు ఒడియాలో లెక్కపెడతాడు,
లెక్క తప్పితే తెలుగులో తిడతాడు,
గీకుతూ గీకుతూ పాడుకునేది మాత్రం సవర.

వెనక ఇరుసు మధ్య గుబ్బ మీద
పళ్ళెమంత తెల్లటి గుండ్రం ఉంది.
ఎవడో పనిలేనివాడి రంగనుకున్నాను.
వైరు బ్రష్షు పెట్టి ఒక్క పూటలో
అద్దంలా చేశాను. నా పని చూసి నాకే ముచ్చటేసింది.

సాయంత్రం బెవర కూర్మినాయుడు వచ్చాడు,
మిలట్రీ డ్రైవరు, రిటైరై ముప్ఫయ్యేళ్ళు,
రెండు కళ్ళలోనూ శుక్లాలు.
గోనె పరుచుకుని బండి కిందికి దూరాడు.
చేత్తో తడిమాడు. ఇరుసు, గుబ్బ, మళ్ళీ ఇరుసు.
"తెల్లదేదిరా?"

గీకేశానన్నాను.

చాలాసేపు బయటికి రాలేదు.
కిందనుంచే చెప్పాడు:
"రాత్రి బళ్ళు వరసగా పోతాయి. లైటు వెయ్యకూడదు.
దీని కింద మిణుగురంత బల్బుంటాది,
ఆ తెలుపు మీదే పడతాది, ఇంకెక్కడా పడదు.
వెనకోడికి రోడ్డు లేదు, కొండ లేదు. అదే.
అది వంకరయితే మనం వంకరవ్వాల.
అది ఆగితే ఆగాల.
ముందోడి మొకం ఎలాగుంటాదో నాకు తెలీదు.
పదకొండు రాత్రులు ఆడి ఎనకే ఎళ్ళాను.
పన్నెండో రాత్రి..."

టీ ఉందా అమ్మా, అన్నాడు గౌరీశ్వరితో.

తలుపులకేసిన ఎనామిల్ అడుగున కాస్త మిగిలింది.
ఇలియాసు టార్చి పట్టాడు, నేను డబ్బా పట్టాను,
బ్రష్షు ఆయన పట్టాడు.
ఒక పక్క కారింది. తుడవనివ్వలేదు.

ఇంజను మాట్లాడింది మార్గశిరంలో,
ముందు దగ్గు, తరవాత నల్లటి తిట్టు, తరవాత నిలకడ.
వీధంతా కరెంటు పోయిన రాత్రి
బయటికి తీశాం. ఎక్కు మావా అంటే ఎక్కలేదు.
"పెద్దలైట్లు ఆర్పు. ఫస్టు గేర్లో పోనీ.
నేను ఎనక నడుస్తాను."

ఏటి ఒడ్డు దాకా అలాగే పోయాం.
అద్దంలో చీకటి తప్ప ఏమీ లేదు.
ఆ కళ్ళకి ఏం కనబడుతోందో అడగలేదు.
ఇంజను మోత సందుల్లో
కంకర మీద చెప్పుల చప్పుడు.

రేవు దగ్గర కుక్క అడ్డొచ్చింది.
హారను కొట్టాను, పక్కకి కోశాను,
బ్రేకు మాత్రం తొక్కలేదు.
తొక్కితే ఆయన ఆగిపోవాలి కదా.