దారం లేని కుట్టు

అట్టముక్క మీద పేరు కింద
"వర్ధమాన శిల్పి" అని అచ్చేశారు.
అరవై రెండేళ్ళ డింప్నా చదివి,
కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చదివి,
"వర్ధమానమట! మోకాళ్ళు ఒప్పుకోవద్దూ" అంది.

నేను ఆవం మనిషిని.
డెరీ ఊళ్ళో కళాశాల వెనక రేకుల షెడ్డులో
పదకొండేళ్ళుగా ఇతరుల మట్టి కాలుస్తున్నాను.
పగిలితే తిట్లు నాకు, నిలిస్తే పేరు వాళ్ళకి.
ఈవిడ వచ్చిన మొదటిరోజే
పాలలా కలిపిన పింగాణీ మట్టిలో ఓ చొక్కా ముంచి తెచ్చి
"కాల్చిపెట్టు నాయనా" అంది,
ఇస్త్రీకి వేసినంత తేలిగ్గా.

ఫాయిల్ నది పక్క గుట్టమీద
చొక్కాల ఫ్యాక్టరీలో ఇరవై ఆరేళ్ళు కాలర్లు కుట్టిందట,
డజనుకి ఇంతని కూలి.
ఆ కాలర్లలో ఏ మెడలు దూరాయో
ఒక్కటీ చూడలేదు.
మూసేసిన రోజు ఇంటికి తెచ్చుకున్నవి
ఒక కత్తెర, వేలితొడుగు,
కుడిచెవిలో కొంచెం చెవుడు.

మట్టి నిప్పులో కుంచించుకుపోతుందని
ముందు నేనే చెప్పాల్సింది.
పదహారున్నర కాలరు ఆవంలోంచి
పద్నాలుగై వచ్చింది.
అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసి
"చివరి ఏడాది మా నాన్న మెడ ఇంతే" అంది.
మర్నాటినుంచి,
ఎదిగే పిల్లాడి లాగుకి లోపల గుడ్డ వదిలినట్టు,
నిప్పుకని రెండున్నరంగుళాలు వదిలి కత్తిరిస్తోంది.

ఆవం ఎక్కించిన సాయంత్రం
గొట్టంలోంచి కాలిన నూలు వాసన వస్తుంది.
నాకది ఇప్పటికీ అలవాటు కాలేదు.
రెండోనాడు తలుపు తీస్తే
బట్ట ఉండదు, ముడతలుంటాయి.
దారం పోయిన దారినే
కుట్టు నిలబడి ఉంటుంది.

ప్రదర్శన తెరిచిన రోజు
పాత ఫ్యాక్టరీ ఆడవాళ్ళు తొమ్మిదిమంది వచ్చారు,
వాన కోట్లతో, లిప్‌స్టిక్‌తో.
చొక్కాని ముందునుంచి ఒక్కరూ చూడలేదు.
తిన్నగా వెనక్కి పోయి, వంగి, అతుకులు చూశారు.
తర్వాత ఫిడెల్మా అనే ఆవిడ
"తాకరాదు" అన్న బోర్డు దాటి
మూడో కాజా మీద వేలు పెట్టింది.

"ఇది నోరీన్ చెయ్యి.
ఎడమచేతి వాటం కదూ, చివరి కుట్టు అటే లాగేది.
దీనికే ఆ సూపర్‌వైజరు కూలి కోసేవాడు."

డింప్నా పలకలేదు.
తిప్పికొట్టిన చొక్కా అది,
ఖరీదు జీతంలో పట్టుకున్నారు.
పోయిన శీతాకాలం నోరీన్ బీరువా సర్దుతూ
కూతురు సంచిలో వేసి తెచ్చిచ్చింది.

తొమ్మిదిమందీ వంతులవారీగా
ఆ వంకర కాజాకి చిటికెనవేలి కొస ఆనించారు.
కావలి కుర్రాడు గొంతు సవరించుకుని,
ఏమీ అనకుండా కిటికీ వైపు తిరిగి,
వాన తగ్గిందా లేదా అని
చాలాసేపు చూశాడు.