మంచు ఊడ్చేవాడు

ఆకాశానికి నిచ్చెన వేశామన్నాడు
మసేరు నుంచి వచ్చిన అధికారి, రిబ్బను కత్తిరిస్తూ.
మా నిచ్చెనకు ఏడు మెట్లు.
మూడోది లేదు.

మొఖొట్లాంగ్ కొండల్లో జూన్ అంటే మంచు.
రేకుల కప్పు మీద పెట్టిన ఆ తెల్ల పళ్లేనికి
మంచు పడిందంటే
మా గుర్రాల్లాగే కదలబుద్ధి కాదు.

అప్పుడు త్సెలిసోను కేకేస్తాను.
పదమూడేళ్లుంటాయేమో. ఎవరి గొర్రెలనో కాస్తాడు,
ఏడాదికి పన్నెండు గొర్రెలు జీతం.
దుప్పటిని భుజాన పిన్నుతో బిగించి
లేని మెట్టును చూడకుండానే దాటి
గడ్డి చీపురుతో పైకెక్కుతాడు.
వాడి పేరు నా హాజరు పట్టీలో లేదు.
గొర్రెలు ఒప్పుకోవు.

కింద యాభై ఒక్కమంది, ఒకే తెర.
చక్రం తిరిగీ తిరిగీ
చివరికి ఓ మొహంగా మారుతుంది.
ఎన్ని కొండల అవతలో, కరెంటున్న గదిలో
లెక్కల మాస్టారు మొఖెతి ఓసారి దగ్గి
భిన్నాలు మొదలుపెడతాడు.
సోలారు బ్యాటరీలో నలభై నిమిషాల పాఠముంటుంది.
మబ్బు పట్టిన రోజు పాతికే.

"మీ దగ్గర వాన పడుతోందా?" అని ఆగాడు నిన్న.
రేకుల మీద బర్రుబర్రుమని చీపురు.
పిల్లలు పగలబడి నవ్వారు.
వాన కాదు సార్, త్సెలిసో!
ఆ పేరుగల విద్యార్థి ఒకడున్నాడని అనుకున్నాడేమో,
తలూపాడు.
నేను సరిదిద్దలేదు.

నలభై ఎనిమిదిలో ఎనిమిదింట మూడు వంతులెంత?
తలలన్నీ పుస్తకాల మీదికి వంగాయి.
పుసెలెత్సోకు తన వేళ్లు చాలక
పక్కపిల్ల వేళ్లు అరువడిగింది.
మేకు ఊడిన చిల్లులోంచి
గుప్పెడు మంచు రాలింది బల్ల మీద,
దాని వెనకే
"పద్దెనిమిది."

మంద పంచుకునేటప్పుడు
మోసపోయి నేర్చుకున్న లెక్క అది.
చెప్పిన సంబరంలో వైరు మీద కాలేశాడు.
మొఖెతి నోరు తెరిచింది తెరిచినట్టే
తెర మీద గడ్డకట్టాడు.
శభాష్ అనబోయాడో
ఇంకెవరైనా అనబోయాడో.

జవాబు మా దగ్గరే ఉండిపోయింది.
పైన ఎక్కడో ఒక ఉపగ్రహం
ఉత్త చేతులతో మా కొండ దాటిపోయింది.

వైరు సరిచేస్తున్నట్టున్నాడు, రేకు కిర్రుమంటోంది.
పిల్లలు నా వైపు చూస్తున్నారు.
వాడు పైనుంచి అడుగుతూనే ఉన్నాడు:
వచ్చిందా?
టీచర్, వచ్చిందా?