అంచు కింద గుడ్డ

సూళ్ళూరుపేటలో తెల్లారి బండెక్కితే
తడ, ఆ తర్వాత ఆరంబాకం.
మధ్యలో రాష్ట్రం మారుతుంది.
గీత కనబడదు. పూలబుట్టామె మాత్రం
"జరగమ్మా" అనడం మానేసి
"తళ్ళి ఉక్కారుమ్మా" అంటుంది.
పదేళ్ళుగా దాటుతున్నాను,
ఎక్కడ దాటానో ఒక్కరోజూ పట్టుకోలేదు.

కీల్పాకంలో మా ల్యాబు నేలకింది గది.
వాన పడితే ముందు మా గుమ్మానికే నీళ్ళు.
నా పని కొయ్యడం:
మైనంలో పాతిన ముక్కని
ఉల్లిపొర సిగ్గుపడేంత పల్చగా కోసి
గోరువెచ్చని నీటి మీద పరిచి
గాజుపలకతో ఎత్తడం.
పేర్లు చదవను, నంబర్లే.
ఫారంలో వృత్తి గడి ఎవరూ నింపరు కూడా.
ఒకామె నింపించుకుంది.
నాంచారమ్మ, యాభై రెండు, పాత వణ్ణారపేట,
చీరలకి ఫాల్ కుట్టును.

సూదిపరీక్ష చెడ్డమాటే చెప్పింది ఆమెకి.
కేంద్రకాల మీద కాఫీగింజ గాడి,
అనుమానం రావడానికి అది చాలు.
థైరాయిడ్ సగం తీసేశారు.
కుముదిని మేడమ్ మైక్రోస్కోపు మీంచి తలెత్తకుండా
"కాంగో రెడ్ వెయ్యి. పాస్ కూడా" అంది.

కాంగో రెడ్ పట్టలేదు.
పాస్‌కి షిఫ్ ద్రావకం, చూడ్డానికి ఉత్త నీళ్ళు.
అందులో ముంచితే లేత ఛాయ, అంతే.
కుళాయి కింద పట్టుకోవాలి పది నిమిషాలు.
ఆ రోజు కుళాయిలో ట్యాంకరు నీళ్ళు.
అయినా ఎక్కింది
బచ్చలిపండు చిదిమిన రంగు.

మామూలుగా ఆ పొర కనీ కనపడదు.
కణాల వరుస కింద ఒక్క నూలుపోగు,
ఇంతవరకే మీ ఇల్లు అన్నట్టు.
దాన్ని తెంచుకుపోయినవాటిని చాలా చూశాను,
అప్పుడు మేడమ్ భుజాలు దిగిపోవడమూ చూశాను.
ఇవి తెంచలేదు.
కుట్టడం ఆపలేదు, అంతే.
పొర మీద పొర, మడతలో మడత,
కణానికీ కణానికీ మధ్య సందులో కూడా.
చీరకన్నా ఫాలే బరువై
చీర ఎటుపోయిందో వెతుక్కునేంత.

మేడమ్ చాలాసేపు ఏమీ అనలేదు.
తర్వాత "టీ తెప్పించు" అంది.
చెడ్డకబురు రాసేప్పుడు ఆమె మంచినీళ్ళే తాగుతుంది.

గురువారం రిపోర్టుకి వచ్చింది నాంచారమ్మ.
మెడ మీది కుట్టుని వేలితో తడుముతూ
"ఎవురు కుట్టినారోగాని
టాకా దూరం దూరంగా ఏసినారు" అంది.
గొంతు బొంగురు.
"నా గడ్డ యాడుందిమే? లోపల ఏం చేస్తా ఉన్నింది?"

చెప్పడం నా పని కాదు. డాక్టరే చెప్పాలని రూలు.
కవరు చేతికిచ్చి,
"నీ పనే చేస్తా ఉన్నింది" అన్నాను.
నోరు జారిందేమోనని భయమేసింది.
ఆమె నవ్వలేదు. ఆలోచించింది.
"నేను రోజుకి పన్నెండు కుడతా. అదో?"
లెక్క తెలీదన్నాను.
"కూలి అడగలేదు గదా, అంతే చాలు" అని
మెట్లెక్కి వెళ్ళిపోయింది.

సాయంత్రం బండిలో
గుమ్మిడిపూండి, ఎళావూరు, ఆరంబాకం.
ఈసారైనా పట్టుకోవాలని
కిటికీకి తల ఆనించి కూర్చున్నా.
గోళ్ళ చివర బచ్చలిపండు రంగు ఇంకా పోలేదు.
తడలో ఎవరో లేపారు,
"అమ్మా, కొంచెం జరగండి."