బండ వేషం

కరకంబాడి రోడ్డులో కాన్పుల ఆసుపత్రి, ఐదంతస్తులు.
దాని కాళ్ల కింద నేల ఎట్లా ఊగుతుందో
ఎవరూ రాసి పెట్టలేదు.
అల్మారాలో గిన్నెలు గలగలమన్నాయని,
కుక్కలు ఊరికే మొరిగాయని
నోటిమాటలున్నాయి గానీ
ముల్లు గీసిన గీత ఒక్కటీ లేదు.

కొండను అడుగుదామా అంటే
ఘాటు రోడ్డు మలుపులో రాతి మీద రాయి,
నడుమ కోట్ల ఏళ్ల పేజీలు చిరిగిపోయి.

అందుకని రాత్రి పదకొండుకు కూర్చుని
నేనే చేస్తున్నాను భూకంపాన్ని.

మొదట ఉత్త రొద.
స్టేషను దొరకని రేడియో.
దానికి ఒక ఆయుష్షు ఇవ్వాలి:
మెల్లగా లేచి, నాలుగో సెకనుకు పూనకమొచ్చి,
పది సెకన్లు ఎవరు పట్టుకున్నా ఆగక,
ఆపైన ఆయాసపడుతూ చల్లారాలి.
అయినా అది ఇంకా ఏ నేలదీ కాదు.

మా చిన్నమామ మునిశేఖరం
ఏడాదంతా బట్టల కొట్లో మీటరు కర్ర మాదిరి మౌనం.
గంగజాతరలో ఒక్కరోజు ఒళ్లంతా కుంకుమ పూసుకుని
బండ వేషంలో వీధి వీధీ తిట్టేవాడు.
పడాల్సిన మాటలు ఈరోజే పడితే
ఏడాదంతా చల్లగా ఉంటామని అవ్వ
గడపలో నిలబడి మరీ తిట్టించుకునేది.

నా రొదకూ కుంకుమ పూస్తున్నాను.
ఈ ఊపు దగ్గర తక్కువైందా, ఇంకాస్త.
ఆ ఊపు దగ్గర మించిందా, తుడువు.
కోడ్ పుస్తకం గీసిన వంపుకు ఒళ్లు సరిపోయేదాకా
పదిహేడు సార్లు.

అలాంటివి ఏడు.
ఒక్కొక్కదాన్నీ తెర మీది ఆసుపత్రి వాకిట్లోకి వదిలాను.
నాలుగు తిట్టి పోయాయి.
ఐదోది మాత్రం
రెండో అంతస్తు మూల స్తంభాన్ని పేరు పెట్టి పిలిచింది.
ఎర్ర చుక్క వెలిగింది.
ఆ అంతస్తులో పసిబిడ్డల గది.
టీ చల్లారిపోయింది. చాలాసేపు ఆ చుక్కనే చూశాను.

పొద్దున మేస్త్రీ రెడ్డెప్ప
కొత్త డ్రాయింగు తిప్పి తిప్పి చూసి
"యాలమ్మా ఇంత కమ్మి? యాడొచ్చింది బూకంపం?"
"రాత్రి. మా ఇంట్లో."
"నిజ్జమా?"
"ఉత్తుత్తిదేలే."

ఆయన నవ్వలేదు.
ఒకప్పుడు భుజ్‌కు పనికి పోయినవాడు,
అక్కడేం చూశాడో ఇంతవరకూ చెప్పలేదు.
కమ్మి వంచే పిల్లోడి వైపు తిరిగి
"ఒరే, ఆ రింగు కొక్కీ లోపలికి వంచు.
ఇంకా.
ఇంకా లోపలికి."