డబ్బా మూత మీది అక్షరాలు

కొత్త పనిముట్టు ఒకటే అడుగుతా ఉంది:
మాను ఎక్కడ, కొమ్మలెక్కడ, ముద్రలెక్కడ?
మూడు పెట్టెలూ చూపిస్తే గానీ
4.2కి పేరు పెట్టదంట.

ఏకాంబరం సారు మూడు పెట్టెలు ఎరగడు.
పదిహేనేళ్ళ కిందట
గుజ్జు ఫ్యాక్టరీ వెనక రేకుల గదిలో కూర్చోని
లారీ కాటాకు ప్రోగ్రాం రాసినప్పుడు
ఊరికొక ఫోల్డరు తెరిచినాడు.
గుడిపాల. బంగారుపాళ్యం. పూతలపట్టు. దామలచెరువు.
దేని మాను దాని లోపలే.
దామలచెరువులో అయితే "పాతది",
దాని కడుపులో "పాతది వద్దు",
దాని కడుపులో "ఇదే కరెక్టు".
అన్ని కాటాలకూ కావాల్సిన ఖాళీ లారీ లెక్క మాత్రం
పూతలపట్టులో ఒక మూల
"అత్తగారిల్లు" అనే పేరుతో.
ఎందుకా పేరని అడుగుదామంటే ఫోనెత్తడు,
రేణిగుంటలో మనవరాలికి ఈత నేర్పిస్తా ఉన్నాడంట.

ఒకచోట కోడు మధ్యలో ఆయన రాసుకున్న మాట:
వాన పడితే ముప్పై కిలోలు తియ్యి.
తడిసిన పట్టలు. చెరపొద్దు.

"అంతా పెరికేసి వరసగా నాటుదాం మేడమ్" అన్నాడు హిమాద్రి.
జూన్ నెల. గేటు బయట
బెంగుళూరా కాయ లారీలు అరవై.
కాయ మాగిపోతా ఉంది, వాడికి వరస కావాల.

నాకు పోయినేడు గుర్తుకొచ్చింది.
చెంగల్రాయులు చీటీ పట్టుకోని వచ్చినాడు.
చెమటకు తడిసి, మడతల కాడ చినిగిన చీటీ.
"ఎండాకాలంలో నా లోడుకు ముప్పై కిలోలు తీసినారు,
ఏ వాన పడిందమ్మా?"
వెతికినాం. ముద్ర ఉంది, 4.1 అని.
కానీ మా దాంట్లో ముద్రంటే ఉత్త నకలు,
తలుపు లేని గది.
ఎవరో దాని లోపలికే పోయి
ఒక అంకె దిద్ది వచ్చినారు.
ఆ చీటీని అచ్చేసింది ఏ 4.1?
చెప్పలేకపోయినాం.
డబ్బులిచ్చి పంపించినాం గానీ
ఆయన అడిగింది డబ్బులు కాదు.

రాత్రి పదకొండుకు టీ తాగను లైను కాడికి పోతే
కుప్పమ్మ మూతలకు అచ్చు అక్షరాలు మారుస్తా ఉంది,
చిమటాతో, ఒక్కోటి.
"ఇది దినం, ఇది షిఫ్టు, ఇది కొప్పెర.
యాడో సముద్రం అవతల డబ్బా ఉబ్బిందనుకో,
మూత చూసి ఈ కొప్పెరే అంటారు.
నాలుగో కొప్పెర వంకరగా ఉండాదని
జరిపి పెట్టి ముద్రేస్తామా?
వంకరదాని పేరు వంకరదానికే."
మళ్ళీ తల వంచుకుంది.
ఆమె అంత సేపు మాట్లాడింది మూతల గురించే.

తిరిగొచ్చి పనిముట్టుకు చెప్పినాను,
ఒక్కో వాక్యం, ఒక్కో ఊరు:
దామలచెరువు మాను మూడు గదుల లోపల ఉంది, అక్కడికే పో.
అత్తగారిల్లు ఎవరి కొమ్మా కాదు,
ఎక్కడ ముద్రేసినా
దాన్ని ఆ రోజు ఎట్లుందో అట్లే వెంట తీసుకుపో.
ముద్ర పేరులో ఊరు పేరు ముందు, అంకె వెనక.
వేసినాక ఆ గదిలోకి ఎవురూ రాకూడదు,
నేను కూడా.

మొదటి తూరి తప్పు చూపించింది. రెండో తూరి కూడా.
బంగారుపాళ్యంలో ళ్య రాయను
ఏకాంబరం సారు ఒక్కో చోట ఒక్కో ఇంగ్లీషు వాడినాడు.
రెండున్నరకు నాలుగూ నిలబడినాయి.

హిమాద్రి బల్ల మీదే నిద్రపోయినాడు.
చీటీ అడుగున, "మళ్ళీ రండి"కి కింద,
చీమ తలకాయంత అక్షరాల్లో ఒక వరస చేర్చినాను.
గుడిపాల-4.2.

తెల్లారి మొదటి లారీ కాటా ఎక్కింది.
డ్రైవరు చీటీ చూడలేదు.
నాలుగు మడతలు పెట్టి
బీడీ కట్ట వెనక దోపుకున్నాడు.
పట్టల మీద మంచు ఉందా, వానా అని
నేను కిటికీలోంచి చూస్తా నిలబడినాను.